హస్కీ జెర్క్ 12: కొన్నాక మిగిలే పని

పది డాలర్ల చుట్టూ ధర పలికే ప్లాస్టిక్ ఎరచేప గురించి ఇంత రాయాలా అంటే, రాయాలి. మినెసోటాలో ఉద్యోగాలకొచ్చి, మెల్లగా చేపలు పట్టే లైసెన్సు తీసుకుని, వారాంతం రాగానే రాడ్ పట్టుకుని లేక్ మీద పడే మనవాళ్ళు బాగానే ఉన్నారు. వాళ్ళలో పైక్ అనే వేటచేప కోసం వెళ్ళే ప్రతివాడూ ఏదో ఒకరోజు అడుగుతాడు: "ఏ జెర్క్‌బైట్ కొనమంటారన్నా?" నా జవాబు ఏళ్ళుగా ఒకటే. రపాలా వాళ్ళ హస్కీ జెర్క్, 12 సెంటీమీటర్లది. కాకపోతే పెట్టెలోంచి తీసి అలాగే కట్టి విసిరేస్తానంటే ఆ పది డాలర్లు కూడా దండగే. దాని మీద ఓ గంట కూర్చుని పనిచేసే ఓపిక ఉన్నవాళ్ళకే ఈ సిఫార్సు.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. మామూలు దొంగ ఎరలు రీలు చుట్టుతూ ఉంటే ఈదుతాయి, చుట్టడం ఆపితే వాటి పని అయిపోయినట్టే. జెర్క్‌బైట్ అసలు పని ఆపినప్పుడే మొదలవుతుంది. రాడ్ కొనతో రెండుసార్లు కుదిపితే అటోసారి ఇటోసారి పక్కకు దూకాలి. లైను వదులు చేస్తే ఉన్నచోటే, ఉన్న లోతులోనే, దెబ్బతిన్న చేపలా నిలబడిపోవాలి. పైకి తేలకూడదు, కిందకి దిగకూడదు. పైక్ నాచు అంచున కదలకుండా పొంచి ఉండే జాతి. ఎర దూకినప్పుడు దాని తల అటు తిరుగుతుంది, ఎర ఆగినప్పుడు అది దూసుకొస్తుంది. నాకు తగిలిన పైక్‌లలో ఎక్కువ భాగం ఎర ఆగి ఉండగా కొట్టినవే. చేతికి దెబ్బ కూడా తెలియదు. మళ్ళీ కుదపబోతే అవతల బరువుంటుంది, అంతే.

అంచేత జెర్క్‌బైట్‌ను తూచాల్సింది అది ఎలా ఈదుతుందని కాదు, ఎలా ఆగుతుందని. ఈ కొలత పెట్టుకుంటే దుకాణంలో సగం గందరగోళం తగ్గుతుంది.

హస్కీ జెర్క్ 12 వివరాలు ఇవీ: సుమారు 13 గ్రాముల బరువు, ముక్కు కింద చిన్న పారదర్శకమైన మూతి, లోపల గిలకల్లా చప్పుడు చేసే గోళీలు, పొట్ట కింద రెండు, తోకకు ఒకటి చొప్పున మూడు ట్రెబుల్ హుక్కులు, అంటే ఒక్కోదానికి మూడేసి కొనలున్న గాలాలు. నాలుగు నుంచి ఎనిమిది అడుగుల లోతులో తిరుగుతుంది. మినెసోటా లేకుల్లో నాచు అంచులకు ఈ లోతు సరిగ్గా సరిపోతుంది. తేలకుండా మునగకుండా నిలబడేలా చేశామన్నది కంపెనీ మాట. ఆ మాట నిజమే, ముక్కుకు ఉత్త లైను మాత్రమే కట్టినంతవరకు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. బాస్, వాలై లాంటి వేరే చేపలకు వెళ్ళేవాడు ఉత్త లైను కట్టుకోవచ్చు. పైక్ పళ్ళకు ఉత్త లైను నిలవదు. లీడర్, అంటే లైను చివర కట్టే గట్టి ముక్క, కావాలి. లీడర్ కొనకు స్నాప్, అంటే ఎరను తగిలించే క్లిప్పు, కావాలి. ఈ రెండూ వెళ్ళి కూర్చునేది ఎర ముక్కు మీదే. ఇంటికి తెచ్చిన కొత్త ఎరకు మామూలు ఉక్కుతీగ లీడర్ తగిలించి బకెట్‌లో వేసి చూడండి. ముక్కు కిందకి వాలుస్తూ మెల్లగా అడుక్కు చేరుతుంది. కంపెనీ చేసిన బ్యాలెన్స్‌ను మనమే పాడుచేశాం కాబట్టి తిరిగి సరిచేయాల్సింది కూడా మనమే.

చలి నీళ్ళలో ఎర తేలుతుంది, వేడి నీళ్ళలో మునుగుతుంది, అందుకే సీజన్‌కోసారి సరిచేసుకోవాలి అని పడవల మీద అందరూ చెబుతారు. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే చిక్కగా ఉంటుందన్న స్కూలు పాఠం వాళ్ళకు ఆధారం. పాఠం సరే, లెక్క కూడా వేసి చూడాలిగా. మే నెలలో నీళ్ళు 10 డిగ్రీలు, జులైలో 25 అనుకోండి. లీటరు నీటి బరువు 10 డిగ్రీల దగ్గర 999.7 గ్రాములు, 25 దగ్గర 997. తేడా 2.7 గ్రాములు. మన ఎర నీట్లో ఆక్రమించేది 13 మిల్లీలీటర్ల చోటు. అంటే ఎర మీద పడే తేడా 0.035 గ్రాము. పైగా వేడికి ప్లాస్టిక్ డొల్ల కూడా కాస్త వ్యాకోచిస్తుంది గనుక అందులో కొంత అక్కడికక్కడే చెల్లు. మరి నా పెట్టెలోని పైక్ స్నాప్ ఒక్కటీ 0.6 గ్రాము తూగింది. మధ్యలో పెద్ద స్వివెల్, అంటే లైను మెలిపడకుండా తిరిగే కీలు, ఉన్న ఉక్కు లీడర్ రెండు గ్రాములు దాటింది. థర్మామీటర్ చూసి ఎరకు బరువు కోసం సీసం అంటించేవాళ్ళు ముందు స్నాప్ మార్చి చూడాలని నా మనవి.

పని మొదలుపెట్టే ముందు బంగారం కొట్లో వాడే లాంటి చిన్న తూకం ఒకటి కొనండి. గ్రాములో నూరో వంతు చూపించేది పదిహేను డాలర్లలోపే దొరుకుతుంది. ఆ తర్వాత నా వరస ఇదీ.

మొదట లీడర్. ఉక్కుతీగ మానేసి 80 పౌండ్ల బరువు తట్టుకునే ఫ్లోరోకార్బన్ లైను ఓ అడుగు ముక్క వాడతాను. నీళ్ళలో దాని బరువు గ్రాములో ఆరో వంతు కూడా ఉండదు, అందులోనూ సగం లైను మోస్తుంది. పైక్ పన్ను అంచు తగిలితే ఇదీ తెగొచ్చు. ప్రతి చేప తర్వాత వేళ్ళతో తడిమి గరుకు తగిలితే పారేయాల్సిందే. ఆ బెంగ పడలేనివాళ్ళకు సన్నని టైటానియం తీగ ఉంది, ధర ఎక్కువ. స్నాప్ మాత్రం కొన గుండ్రంగా వంగినది తీసుకోవాలి. కోసుగా ఉన్న స్నాప్‌లో ఎర ఓ మూలకు ఇరుక్కుని ఒకవైపుకే దూకుతుంది.

తర్వాత మధ్యలో ఉన్న ట్రెబుల్‌ను పీకేస్తాను. దీని మీద మా పక్కింటి పెద్దాయనకీ నాకూ ఏటా వాదన. నార్వే మూలాల మనిషి, నేను పుట్టకముందు నుంచి మంచుకు బెజ్జం పెట్టి చేపలు పడుతున్నాడు. "కంపెనీవాడు మూడు పెట్టాడంటే ఊరికే పెట్టాడా?" అంటాడు. ఊరికే కాదు. చిన్న నోటి వాలై ఎటునుంచి కొట్టినా ఏదో ఒకటి తగలాలని పెట్టాడు. పైక్ నోరు అలాంటిది కాదు. ఎరను అడ్డంగా కరిచేస్తుంది. ముందుదో వెనకదో తగిలితే చాలు. మధ్యది చేసేదల్లా చేప గింజుకుంటున్నప్పుడు దాని చెంపలోనో, మీరు విప్పబోతే మీ బొటనవేలిలోనో దిగడం. అది తీసేస్తే అర గ్రాముకు పైగా బరువు తగ్గుతుంది, స్నాప్ తెచ్చిపెట్టిన బరువు కూడా దాదాపు అంతే. ముక్కు మీద పెరిగినదాన్ని నడుం దగ్గర తగ్గించాం కాబట్టి వాలు కాస్త మిగులుతుంది. ఉండనివ్వండి. ముక్కు కొద్దిగా కిందకి చూసే ఎర కుదుపుకు బాగా తిరుగుతుంది.

ముందున్న ట్రెబుల్ బదులు మందపాటి తీగతో చేసినది, ఒక సైజు పెద్దది వేస్తాను. తోకకు ట్రెబుల్ బదులు పెద్ద ఒంటి గాలం, చెవి అడ్డంగా తిరిగి ఉండేది, కొన పైకి చూసేలా. ఒంటి గాలం నాచును తక్కువ పట్టుకుంటుంది, పట్టుకున్న చేపను తక్కువ వదులుతుంది. ఎదురుముళ్ళన్నీ ప్లేయర్‌తో నొక్కి అణిచేస్తాను. లైను బిగువు వదలనంతవరకు చేప పోదు, విప్పడం మాత్రం చిటికెలో పని. గాలాలను ఎరకు పట్టి ఉంచే చుట్టురింగులు విప్పే ప్రత్యేకమైన ప్లేయర్, కొనకు చిన్న పన్ను ఉండేది, కొనుక్కోండి. గోళ్ళతో చేసే పని కాదిది.

ఇక బకెట్. ఇంటి కుళాయి నీళ్ళు వద్దు, రేవు దగ్గరే లేక్ నీళ్ళు ముంచండి. లెక్క ఎంత చిన్నదైనా ఏ నీళ్ళలో వాడతామో వాటిలోనే చూడటం మంచిది. లీడర్ కట్టి, దాని రెండో కొనకు బారెడు లైను కట్టి వదులుగా పట్టుకుని ఎరను ముంచి వదలండి. పొట్ట మీద అంటుకున్న గాలి బుడగలు వేలితో తుడిచేయండి, అవి ఉంటే కొలత తప్పుతుంది. తేలుతుంటే ముందు గాలం కాడకు బరువు చుట్టాలి. ఇందుకోసం స్టార్మ్ వాళ్ళు సస్పెన్‌డాట్స్ అని గుండ్రటి సీసం బిళ్ళలు అమ్ముతారు, పొట్టకు అంటించుకోవచ్చు. గోల్ఫ్ కర్రలకు అంటించే సీసం పట్టీ కత్తిరించి వాడేవాళ్ళూ ఉన్నారు. నేను సీసం మానేసి టంగ్‌స్టన్ పుట్టీకి మారాను. మినెసోటా రాష్ట్రపక్షి లూన్. లేక్‌లో పడిపోయిన సీసం గుళ్ళు మింగి ఆ పక్షులు చస్తాయన్నది ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే. పుట్టీ ఆవగింజంత తీసి గాలం కాడకు నొక్కొచ్చు, ఎక్కువైతే గిల్లేయొచ్చు. సీసంతో అంత సూక్ష్మంగా కుదరదు.

ఎంతవరకు? నీళ్ళు చల్లగా ఉన్న మే నెలలో, మళ్ళీ అక్టోబరులో, కదలకుండా నిలబడేలా. అప్పుడు పైక్ బద్ధకంగా ఉంటుంది, పది సెకన్లు ఆపినా కంగారు పడక్కర్లేదు. జూన్ చివరికి ఇక్కడివాళ్ళు క్యాబేజీ అని పిలిచే వెడల్పాకు నాచు పెరిగి పైకొస్తుంది. అప్పుడు పుట్టీ గిల్లేసి, ఆపినప్పుడు నత్తనడకన పైకి లేచేలా చేస్తాను. ఎర నాచులోకి దిగదు, పైగా ఆపేది రెండు సెకన్లే. నేను సీజన్‌కోసారి మార్చేది థర్మామీటర్ చూసి కాదు, నాచు చూసి.

బ్యాలెన్స్ కుదిరాక కూడా ఎర ఓ పక్కకు లాగుతుంటే ముక్కు దగ్గర లైను కట్టే చెవిని సరిచేయాలి. ప్రతి ఎరనూ నీళ్ళలో ఈదించి చూశాకే అమ్ముతామంటుంది రపాలా. కానీ రెండు పైక్‌లు నమిలాక ఏ కంపెనీ చెవి అయినా వంకర పోతుంది. ఎర మీవైపు వస్తూ మీ ఎడమకు పోతుంటే, ముక్కు మీవైపు పెట్టుకుని చెవిని మీ కుడికి వంచండి. వెంట్రుకవాసి చాలు. తిప్పకూడదు, వంచాలి. మళ్ళీ విసిరి చూసి మళ్ళీ వంచండి. ఎక్కువ వంచి వెనక్కి తెస్తూ ఉంటే చెవి పట్టు వదులవుతుంది.

పంటిగాట్ల సంగతి. పైన రంగు లేస్తే లేవనివ్వండి, చేపకు పట్టింపు లేదు. గాటు లోతుగా దిగి డొల్లలోకి నీళ్ళు ఊరుతుంటే మాత్రం బ్యాలెన్స్ అంతా పోతుంది. చెవి దగ్గర ఊపి వినండి, గోళీల చప్పుడుతో పాటు నీళ్ళ గలగల వినిపిస్తే ఆరబెట్టి, అతినీలలోహిత దీపం కింద గట్టిపడే రెసిన్ పూయండి. ఇంట్లో ఆడవాళ్ళ గోళ్ళరంగు కూడా వాడతారు కానీ అది కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. ఇంట్లో గొడవ వేరే.

రంగుల గురించి పెద్దగా చెప్పను. తేట నీళ్ళకు గ్లాస్ మిన్నో, మబ్బు రోజుకు ఎర్ర తల, పసుపు వీపు ఉన్న క్లౌన్. ఈ రెండు చాలు. మిగతావి పట్టేది చేపల్ని కాదు, కొనేవాళ్ళని.

హస్కీ జెర్క్‌కు అసలు లోటు ఎదురుగాలిలో. తేలికైన ఒళ్ళు, లోపల జరిగే బరువు లేదు. గాలికి గాల్లోనే పల్టీలు కొట్టి దగ్గర్లోనే పడుతుంది. అదే కంపెనీ ఎక్స్-రాప్‌లో విసిరేటప్పుడు తోకవైపు జరిగే బరువుంది, దూరం పోతుంది, కుదుపుకు ఇంకా విసురుగా దూకుతుంది, తోక గాలానికి ఈకలు కూడా ఉంటాయి. ధర రెండు మూడు డాలర్లు ఎక్కువ. మరి అదే కొనొచ్చుగా? గాలి రోజుల్లో నేను కట్టేదీ అదే. కానీ తోకకు ఒంటి గాలం వేస్తే ఈకలు పోతాయి, ఈకలు పోతే ఆపినప్పుడు ఉండే అందం సగం పోతుంది. నాలాగా విప్పి బిగించేవాడికి హస్కీ జెర్క్ అనుకూలం. ఉన్నది ఉన్నట్టు వాడేవాడికి ఎక్స్-రాప్.

జపాన్ మెగాబాస్ వాళ్ళ విజన్ 110 గురించి కూడా అడుగుతుంటారు. 25 డాలర్ల దాకా ఉంటుంది. చేతిలో పట్టుకుంటే నగలా ఉంటుంది, లోపల జరిగే టంగ్‌స్టన్ గోళీలు, ఆగినప్పుడు చిన్న వణుకు. బాస్ పట్టేవాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు, తప్పులేదు. పైక్‌కు మాత్రం గాడిదకేం తెలుసు గంధపు వాసన. పైగా ఆ సన్నని ఒంటికి లీడర్, స్నాప్ తగిలిస్తే మీరు డబ్బు పోసి కొన్న బ్యాలెన్స్ మొదటి ముడితోనే పోయింది.

ఆన్‌లైన్‌లో ఇరవై ఎరల సెట్ ఇరవై డాలర్లకని వస్తుంటాయి. పేరు చెప్పను, చెప్పడానికి వాటికి సరైన పేరు కూడా ఉండదు. నేను కొన్న సెట్‌లో కొన్ని తేలాయి, కొన్ని మునిగాయి, ఒకే రంగువి రెండు రెండు రకాలుగా ఈదాయి. ఒకదాని పొట్ట అతుకు ఊడి నీళ్ళు నిండాయి. గాలాలన్నీ తీసి పారేసి డొల్లల మీద పిల్లలకు బకెట్ పాఠం నేర్పడానికి ఉంచాను. దానికి మాత్రం భేషుగ్గా పనికొచ్చాయి.

జెర్క్‌బైట్ అనే పేరుతోనే ఇంకో కులం ఉంది, మస్కీ అనే పైక్ కుటుంబపు పెద్ద చేప కోసం చేసే మొద్దు కర్ర ఎరలు. విస్కాన్సిన్‌లో యాంటిగో ఊరివాడైన ఫ్రాంక్ స్యూయిక్ చేసిన స్యూయిక్ థ్రిల్లర్ వాటిలో ప్రసిద్ధం. చెక్క పలక, తోకకు రేకు ముక్క. ఆ రేకును చేత్తో కిందకి వంచితే లాగినప్పుడు ఇంకా లోతుకు దిగుతుంది, వదిలితే పైకి తేలుతుంది. అది ఆగదు, తేలుతుంది, ఆట పూర్తిగా వేరు. దానికి చీపురుకర్రంత గట్టి రాడ్ కావాలి, భుజాలు కావాలి. మినెసోటాలో చాలాచోట్ల మస్కీ 54 అంగుళాలు లేనిదే ఉంచుకోకూడదు. అంటే ఆ భుజాల నొప్పి ఫొటో కోసమే. మొదటి జెర్క్‌బైట్‌గా దీని జోలికి పోవద్దు.

రపాలా పుట్టిందే పైక్ పోరు చూసి. ఫిన్లాండ్‌లో పైయాన్నె సరస్సు మీద లౌరి రపాలా అనే జాలరి, గుంపులో కుంటుతూ ఈదే చేప మీదికే పెద్ద చేపలు వెళ్తాయని గమనించి 1936లో బెండును చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూత పూసి తొలి ఎర చేశాడు. దాన్ని అమెరికాకు తెచ్చినవాళ్ళు మా మినియాపొలిస్‌వాళ్ళే, రాన్ వెబర్, రే ఆస్ట్రమ్. 1962 ఆగస్టులో లైఫ్ పత్రిక ఈ ఎర మీద వ్యాసం వేసింది. మార్లిన్ మన్రో చనిపోయాక ఆమె బొమ్మతో వచ్చిన సంచిక అది, విపరీతంగా అమ్ముడైంది, దాంతోపాటే ఇదీ ఊరూరా తెలిసింది. ఇవాళ్టి హస్కీ జెర్క్ ప్లాస్టిక్‌దే అయినా, కుంటే చేపను చూపించాలన్న ఆలోచన మాత్రం అదే.

పాలకొల్లులో మా బావకు ఓసారి రెండు పంపాను. కాలవలో కొర్రమీను కోసం. వారం తిరక్కుండా ఫోను. "ఏం బావా, గుర్రపుడెక్క పీకడానికి పంపావా దీన్ని?" నిజమే, ఇన్నేసి గాలాల కొనలు బయటికి చూస్తుండే ఎర ఆ కాలవలో అడుగు కూడా కదలదు. కొర్రమీనుకు కొనలు ఒంట్లో దాక్కునే ప్లాస్టిక్ కప్పే సరి. జెర్క్‌బైట్ కావాల్సింది నాచు అంచున ఖాళీ నీళ్ళు ఉన్నచోట. రిజర్వాయర్ గట్ల దగ్గర వాలుగ కోసం వేసి చూద్దామనుకునేవాళ్ళు ముందు అక్కడ చేపల హక్కు ఏ సొసైటీదో కనుక్కుని అడిగి వేయండి.

ఇక్కడి రూల్స్ కూడా చూసుకోవాలి. 2018 నుంచి మినెసోటాను పైక్ కోసం మూడు జోన్లు చేశారు. బ్రెయినెర్డ్, లీచ్ లేక్ వైపు నార్త్ సెంట్రల్ జోన్‌లో 22 నుంచి 26 అంగుళాల మధ్యవి వదిలేయాలి. పది దాకా ఉంచుకోవచ్చు, అందులో 26 దాటినవి రెండుకు మించకూడదు. కొన్ని లేకులకు వేరే నిబంధనలుంటాయి, రాష్ట్ర సహజవనరుల శాఖ (డీఎన్ఆర్) వాళ్ళ ఆ ఏటి పుస్తకం చూసుకునే వెళ్ళండి. ఈ లెక్కలో వంటింటికి వచ్చేవి ఎక్కువగా 22 లోపు పిల్ల పైక్‌లే. ముళ్ళు వై అక్షరంలా చీలి ఉంటాయి, ఇక్కడివాళ్ళు విసుక్కుంటారు. మనం పులుసులో ముల్లు ఏరుకోవడం పాలు తాగే వయసు దాటగానే నేర్చుకున్నవాళ్ళం, మనకదో లెక్కా. చింతపండు కాస్త ఎక్కువ వేయండి, ఈ చేపకు సొంత రుచి తక్కువ.

కొనేటప్పుడు ఒక్క మాట. ఫ్లీట్ ఫార్మ్ లాంటి దుకాణంలో కొక్కేనికి వేలాడుతున్నవాటిలో మొదటిది లాగేయకండి. ముక్కు వైపునుంచి చూసి మూతి, చెవి, పొట్ట కింది గాలాల చెవులు ఒకే గీత మీద ఉన్నవి ఏరుకోండి. ఒకే రంగువి రెండు తీసుకోండి, ఒకటి నిలబడేలా, ఒకటి మెల్లగా లేచేలా సరిచేసి, పొట్ట మీద చెరగని పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ఆకురాలు కాలంలో పైక్ పెద్ద మేతకు మరిగినప్పుడు ఇదే ఎర 14 సెంటీమీటర్లది, 18 గ్రాములది, తీసుకోవచ్చు. దానికి గాలిలో దూరం కూడా మెరుగు. పనంతా అదే, పుట్టీ కొంచెం ఎక్కువ పడుతుంది. గాలాలు కోసే బోల్ట్ కట్టర్ మాత్రం పడవలో లేకుండా ఏ సైజుదీ విసరవద్దు.